నీలిపొగ వేరు, నల్లపొగ వేరు

అద్దంల ఏం లేదు, మళ్లొక్కసారి చూసిన, ఏం లేదు, ఉత్త రోడ్డు, దూరంగ ఒక సర్కారు ఎస్టీ బస్సు, బస్సెనుక చెరుకు ట్రాక్టరు, పొగ మాత్రం లేదు, ఉంటే కనబడకపోవునా, నెల దినాలు ఆ పొగనే చూసుకుంట తిరిగిన గద, తెల్లగ కాదు నల్లగ కాదు, నీలం, మా దాజీ పేట్‌ల రంగుల కార్ఖానా మోరీ మీద పొద్దుగాల ఆవిరి లేస్తదే, ఆ తీరు నీలం, దానికి కాలిన నూనె వాసన, గల్లీల ఆరేసిన చద్దర్లకు పడుతదని పక్కింటి సుందరాబాయి రోజూ తిట్టేది, ఇయ్యాల లేదు, హిప్పర్గా చెరువు దాటినం, ఇంకా లేదు, ఎనుక సీట్ల గోవర్ధన్ బావ ఘడియకొకసారి మెడ తిప్పి బయటికి చూస్తున్నడు, ఆయన చూసేది పొగ వస్తున్నదా అని, నేను చూసేది పొగ వస్తలేదు గదా అని, ఇద్దరి కండ్లు ఒక్క తావునే, ఒకరికి కావాలె ఒకరికి వద్దు, నా పక్క సీట్ల మా ఆయన అంబాదాస్, ఆయన ఎటూ చూస్తలేడు, ఎలుగు చీకటి తప్ప ఆయనకు ఏం మిగల్లేదు, షుగర్ బీమారి రెండు కండ్లనూ తినేసింది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఫొటో దిగే మనిషి లెక్క కూసున్నడు, ఇంటికాడ ఎక్కినప్పటిసంది ఒక్క మాట లేదు, వద్దు, మాట్లాడకు, నువ్వు కూడ మీ అన్న దిక్కే గద, వాడాల అందరి ముందట నువ్వే గద అన్నది, అన్న చెప్పేది నిజమే సుమిత్రా, ఇంజన్ అయిపోయింది, గాడీ ఇచ్చేద్దాం అని, అయిపోయిందట, నడిపేది నేను, నాకు తెల్వకుంట ఎట్ల అయిపోతది.

పందెం పెట్టింది నేనే, ఎవ్వరు పెట్టుమనలే, అది యాదికొస్తేనే నా మీద నాకు కోపమొస్తున్నది, కానీ ఆ దినం నేనేం చేద్దును, బావ గాడీ కొనేతందుకు ఒక మనిషిని తోలుకొచ్చిండు, ఇంజన్ ఊడదీసి బాయికాడ నీళ్లు తోడేతందుకు పెట్టుకుంటడట, మిగిలింది తుక్కుకు ఏస్తడట, ఆ మనిషి బానెట్ కూడ లేపలే, టైరును కాలుతోని తన్ని చూసిండు, తన్నకు అన్న నేను, ఆయన నాదిక్కు చూడకుంట బావదిక్కు చూసి నవ్విండు, నా నెత్తురు మసిలింది, మా అత్త యమునాబాయి కండెలు చుట్టే చరఖా ఆపి చూస్తున్నది, మా ఆయన గడపల కూసోని గోడకు ఒరిగిండు, అప్పుడన్న, బావా, పోయింది ఇంజన్ కాదు టర్బో, నేను బాగుచేపిస్త, బాగుచేపిచ్చి తుల్జాపూర్ ఘాట్ రోడ్డు ఎక్కిస్త, నువ్వే ఎనుక కూసోని చూడు, ఒక్క తావుల ఆగకుంట మీదికెక్కితే గాడీ నా తాన్నే ఉంటది, నడుమల ఆగిందా, తాళం చావీ తీసి నీ చేతుల పెడుత అని, అందరు విన్నరు, బావ సరే అన్నడు, ఆయన చెడ్డోడు కాదు, అది మర్చిపోతే నేనే చెడ్డదాన్ని అయిత, ఈయన చూపు మసకబారిన కొత్తల హైదరాబాద్ దాక తీసుకపోయి కండ్ల డాక్టర్‌కు చూపిచ్చింది ఆయనే, ఇంట్ల పొయ్యి ఆరకుంట చూసింది ఆయనే, ఆ మంచితనం మా మీద చద్దర్ కప్పినట్టు ఉన్నది, చలిల చద్దర్ హాయిగనే ఉంటది, ఎండలకాలం వచ్చినా తీయనియ్యకుంటే ఊపిరాడది గద, నా కార్ఖానల టవాళ్ల అంచులు కుట్టే మిషన్ ఖాళీగున్నది వచ్చి కూసో సుమిత్రా, ఆడమనిషి సవారీలను ఎక్కించుకొని పండర్‌పూర్, గుల్బర్గా తిరుగుడేంది, మనోళ్లల ఎవరన్న ఉన్నరా అట్ల అని అంటడు, మెల్లగనే అంటడు, కోపం లేకుంట అంటడు, అందుకే జవాబు చెప్పుడు కష్టం, మిషన్ తక్కువ పని అని నేను ఏనాడు అనలే, పెండ్లి కాకముందుకెల్లి కుట్టిన, మెడ పట్టుకపోయేదాక కుట్టిన, కానీ అంచు కుట్టిన టవాలు ఎవరింటికి పోతదో ఎవరి మొఖం తుడుస్తదో నాకు తెల్వకపోతుండె, ఈ గాడీల కూసున్న మనిషి నాకు ఎరుక, నీలం నగర్ ద్రౌపదికి నొప్పులు వచ్చిన దినం వాన దంచుతుంటే రిక్షా ఎవ్వరు రాలే, నేను పోయిన, మోకాళ్ల లోతు నీళ్లల్ల ఈ గాడీ ఆగలే, దవాఖాన గేటు కాడికి పోంగనే బిడ్డ పుట్టింది, ఆ పిల్ల ఇప్పుడు మాటలు నేర్చింది, నన్ను చూస్తే గాడీ అత్తా అంటది, అట్ల పిలిచేటోళ్లు మిషన్ మీద కూసుంటే దొరుకుతరా బావా.

గాడీ గుంజుతున్నది, మంచిగ గుంజుతున్నది, మూడో గేరుల నుంచి నాలుగుకు పోతుంటే సన్నని ఈల వినబడుతున్నది, పాత ఈల, మొదటి ఈల, నేను నేర్చుకునే దినాలల్ల దీన్ని విని భయపడ్డ, ఏందది అంటే ఈయన నవ్విండు, అప్పుడు నవ్వేటోడు, చెప్పిండు ఓపికతోని, ఇంజన్ల కాలిన పొగ బయటికి పోయే తోవల ఒక చిన్న చక్రం ఉంటది సుమిత్రా, పోయే పొగనే దాన్ని తిప్పుతది, అదే ఇరుసు మీద ఇవతల ఇంకో చక్రం, అది బయటి గాలిని గుంజి ఇంజన్ల కుక్కుతది, గాలెక్కువ పడితే డీజల్ మంచిగ కాలుతది, గాడీకి బలమొస్తది, దాని పేరే టర్బో, గంతే, బయటికి పారేసే పొగతోని పని చేపిచ్చుకునుడు, ఎంత తెలివి అన్న నేను, ఆయన పదేండ్లు ఒక షేట్ దగ్గర డ్రైవరు, షేట్ కొత్త గాడీ కొనంగ ఈ పాతది ఈయనకు వచ్చింది, వచ్చిన ఏడాదికే చూపు సన్నగిలుడు మొదలైంది, మొదలు నన్ను పక్కన కూసోపెట్టుకునేటోడు, ఎడమ దిక్కు సైకిల్ ఉన్నది, ముంగట ఎద్దుబండి ఉన్నది అని నేను చెప్తుంటే నడిపేటోడు, ఎవ్వరికి తెల్వనియ్యకుంట, నన్ను కండ్లు చేసుకొని, ఒక పొద్దుగాల అక్కల్‌కోట్ రోడ్డు మీద గాడీ ఆపి దిగిండు, ఇటు వచ్చి కూసో, ఇగ నావల్ల కాదు అన్నడు, ఏడ్వలే, నేనే ఏడ్చిన, క్లచ్ ఒత్తుడు, గేరు మార్చుడు, ఎంత తిట్టిండు, ఎంత నేర్పిండు, నాకు లైసన్స్ వచ్చిన దినం పేడా తెచ్చి అందరికి పంచిండు, మరి నేను ఒక్కదాన్నే సవారీ కొట్టుకొచ్చిన మొదటి దినం ఏమైందో, గాడీ దగ్గరికి వచ్చుడే బంద్ చేసిండు, బానెట్ మీద చెయ్యి ఏసుడు బంద్ చేసిండు, హారన్ కొడితే లోపలికి పోయేటోడు, నాకు తెల్వదనుకున్నవా, తెలుసు, నోరు తెరిచి అడగలే, ఏమని అడుగుదును.

దీపావళి అయినంక పండర్‌పూర్‌కెల్లి వస్తుంటే ఆ ఈల మందమైంది, సన్నని ఈల పోయి అంబులెన్స్ సైరన్ లెక్క ఊళ పెట్టుడు సురువైంది, ఎంత తొక్కినా గుంజుతలేదు, నిండు గాడీ అయితే లారీలు కూడ దాటిపోతున్నయి, నాకా చౌరస్తా కాడ ఆగి మళ్ల తొక్కంగనే ఎనుక గుప్పున నీలిపొగ, రోజు నూనె కొలిచే కర్ర తీసి చూస్తే నూనె తగ్గుతున్నది, కింద కారుతలేదు, మరి ఏడికి పోతున్నది, కుంఠా నాకా రాజారాం దగ్గరికి తీసుకపోయిన, ఈయనకు పాత దోస్తు, మంచి మిస్త్రీ, రెండుసార్లు తొక్కిచ్చి పొగ చూసిండు, ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు పోయినయి వదినా, ఇంజన్ దించాలె అన్నడు, నీలిపొగ అంటే రింగులే, ఇది అందరికి తెలిసిన సంగతి, ఆ మాట నాకంటె ముందు దాజీ పేట్‌కు చేరింది, బావకు చేరింది, కానీ నాకు మనసొప్పలే, పొద్దుగాల చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకు లేస్తున్నది, రింగులు పోతే అట్ల లేస్తదా, షేట్ పాత జీపుకు రింగులు పోయినప్పుడు నేను చూసిన, నూనె పోసే మూత తీస్తే హుక్కా లెక్క పొగ ఎగజిమ్మేది, దీని మూత తీసి ఇంజన్ నడిపిచ్చి అరచెయ్యి అడ్డం పెట్టిన, పసిపిల్ల ఊపిరంత కూడ లేదు, అంటే లోపల మంచిగనే ఉన్నది, అంటే నూనె ఇంకో తోవల పోతున్నది, టర్బోకెల్లి ఇంజన్‌కు గాలి తీసుకపోయే రబ్బరు పైపు ఊడదీసి ఏలు పెట్టిన, ఏలు నల్లగ, జారుడుగ, తడితడి, గాలి పోయే తోవల నూనెకేం పని, ఆ ఏలు అట్లనే పట్టుకొని పోయి రాజారాం ముందట పెట్టిన, ఆయన వాసన చూసిండు, చూసి అన్నడు, నువ్వు చెప్పిందే నిజం వదినా, టర్బోల నూనెను ఆపే సీలు పోయింది, కానీ దాన్ని నేనెప్పుడు ఇప్పలే, మన దగ్గర ఎవ్వరు ఇప్పరు, అది పూనా పని అని, ఎవ్వరు ఇప్పలేదు అంటే మనం ఇప్పొద్దనా, ఇప్పితేనే గద ఇప్పినోళ్లం అయితం, ఇంటికొచ్చి ఈయనకు చెప్పిన, ఇంజన్ పోలే, టర్బో, నీ ఏలు పెట్టి చూడు పైపుల నూనె ఉన్నది అని చెయ్యి పట్టుకున్న, చెయ్యి గుంజుకున్నడు, నాకెందుకు అన్నడు, ఆ ఒక్క మాట, నాకెందుకు, ఊరంత ఒక ఎత్తు ఆ మాట ఒక ఎత్తు, అన్నం తినబుద్ధి కాలే, మొండితనం మాత్రం ఇంకా పెరిగింది.

ఇప్పినం, రాజారాం షెడ్డుల, ఇప్పేముందు చక్రాలకు, ఇరుసుకు, నట్టుకు సన్నని గీత పెట్టిండు రాజారాం, ఏది ఎట్లున్నదో మళ్ల అట్లనే పడాలె, లేకుంటే తూకం తప్పి మొదటి దినమే పలుగుతది అన్నడు, కొబ్బరికాయ అంత ఉంటది టర్బో, ఇంత చిన్నది ఇంత పెద్ద గాడీని గుంజేదా అనిపిచ్చింది, ఇరుసు కొసను రెండేళ్లతోని పట్టుకొని కదిపితే ఊడేటి పన్ను లెక్క ఊగింది, చక్రం రెక్కలు డబ్బా లోపలి గోడకు రాసుకొని ఒక దిక్కు తళతళ మెరుస్తున్నయి, ఆ రాపిడే ఊళ, అదృష్టం ఏందంటే రెక్క ఇరగలే, బేరింగులు అరిగినయి, సీలు రింగు సగం తిన్నట్టున్నది, ఎందుకైంది అని అడిగిన, పైపైన బాగుచేస్తే మళ్ల పోతది, ఎందుకైందో తెల్వాలె అన్న, నూనె ఒక సన్న పైపుల మీదికెల్లి వస్తది, పనిచేసి ఇంకో పైపుల కిందికి దిగిపోవాలె, దిగిపోయే పైపు తీసి ఎలుగుకు పట్టి చూస్తే అవతలి దిక్కు కనబడలే, నల్లటి బొగ్గు గట్టిపడి మూసుకపోయింది, దిగే తోవ లేక నూనె సీలు దాటి గాలిల పడ్డది, పొగల పడ్డది, జోరు మీద వచ్చి చటుక్కున ఇంజన్ బంద్ చేస్తే చక్రం ఇంకా నిప్పు లెక్క ఉంటది వదినా, నూనె కదలకుంట దాని మీదనే మాడిపోతది, ఏండ్ల సంది మాడిన బొగ్గిది, షేట్ దగ్గరున్నప్పటిసంది అన్నడు, ఇగ మీదట ఆపేముందు కొంచెంసేపు ఉత్తగ తిరగనియ్యి అన్నడు, ఆ పైపును డీజల్ల నానబెట్టి, సైకిల్ తీగతోని గీకి గీకి నేనే కడిగిన, అవతలి ఎలుగు కనబడ్డదాక, పూనాకు ఎస్టీడీ బూతుకెల్లి ఫోన్ చేసి బేరింగులు, సీలు రింగులు చెప్పినం, ఎస్టీ బస్సు పార్సల్ల వచ్చినయి, ఎంట్రుక మందం రింగును గాడిల కూసోపెట్టేటప్పుడు రాజారాం మోటు ఏళ్లకు అది దొరకలే, నేనే పెట్టిన, తెగిన పోగులు అతికిన చేతులివి, జారనియ్యవు, కొత్త నూనె, కొత్త ఫిల్టరు, ముందు టర్బో నోట్లె నూనె పోసి, ఇంజన్ లేవకుంట ఉత్తగ తిప్పి, అప్పుడు లేపినం, లేపంగనే పొగ, కుప్పలు కుప్పలుగ పొగ, నాకా మీద పోయేటోళ్లు ఆగి చూసి నవ్విన్రు, నేను మాత్రం చావీ తిప్పలే, ఆపలే, సైలెన్సర్ల నిలిచిన పాత నూనె అది, కాలిపోవాలె గద, కాలనియ్యి అన్న, నిలబడ్డ, నవ్వేటోళ్ల మొఖాలు చూసుకుంట నిలబడ్డ, పొగ పలచబడ్డది, ఇంకా పలచబడ్డది, లేకుంట పోయింది, నవ్వినోళ్లు కూడ పోయిన్రు.

తామల్‌వాడి దాటినం, ఘాట్ మొదలైంది, రోడ్డు ఎత్తుకొని కుడికి తిరిగింది, మూడో గేరు, తొక్కిన, ఈల లేచింది, సన్నగ, సాఫుగ, సీటు నా ఈపును ముందటికి నెట్టింది, బావ ముందట సీటును పట్టుకున్నడు, మెల్లగ పో సుమిత్రా అన్నడు, మెల్లగనే పోతున్న బావా, ఇది దాని మెల్లగనే, పత్తి బేళ్ల లారీ ఒకటి మూల్గుకుంట ఎక్కుతున్నది, హారన్ కొట్టి దాటిన, లారీ డ్రైవరు తలకాయ బయటికి పెట్టి చూసిండు, చూడు, బాగ చూడు, రెండో మలుపు, గేరు మార్చిన, అప్పుడు చూసిన, పక్క సీట్ల ఈయన ఎడమ కాలు, నేను క్లచ్ ఒత్తినప్పుడల్లా ఆ కాలు కింద చాపను ఒత్తుతున్నది, నేను ఇడిస్తే ఇడుస్తున్నది, మొఖం మాత్రం రాయి, చేతులు మోకాళ్ల మీదనే, కాలికి చెప్పుడు మర్చిపోయిండు పాపం, నాకెందుకు అన్న మనిషి కాలిది, చూడనట్టే రోడ్డుదిక్కు చూసిన, మూడో మలుపు, ఇంకా కొంచెం దూరమే, మీద గుట్ట మీది ఇండ్లు కనబడుతున్నయి, అప్పుడు ఫట్ మన్నది.

ఫట్ మని చప్పుడు, ఎనుకనే సూయ్ మని గాలి, ఈల చచ్చిపోయింది, గాడీ ఎవరో ఎనుకకు గుంజినట్టు బరువైంది, రెండో గేరేసిన, తొక్కిన, ఎక్కుతున్నది కానీ ఏడ్చుకుంట ఎక్కుతున్నది, పొగ అన్నడు బావ, మెల్లగనే అన్నడు, సంబురం లేదు ఆ గొంతుల, అది ఒప్పుకోవాలె, అద్దంల చూసిన, పొగ, నిజమే, మందంగ, కానీ నల్లగ, నల్లగ, నీలం కాదు, నూనె వాసన లేదు, కాలని డీజల్ వాసన, అంటే సీలు మంచిగున్నది, టర్బో మంచిగున్నది, అది కుక్కే గాలి నడుమల ఏడనో బయటికి పోతున్నది, గాలి లేక డీజల్ నల్లగ వస్తున్నది, మొదటి గేరేసుకొని ఇట్లనే పాకుకుంట పోతే మీదికి చేరుత, ఆగకుంట చేరుత, పందెం గెలుస్త, అన్నది ఆగకుంట అనే గద, పొగ గురించి అనలే, పోనీ, పోనీ, గుట్ట అగో కనబడుతున్నది, కానీ గాలి అడ్డం లేకుంట ఆ చక్రం లోపల దిక్కులేనట్టు తిరుగుతున్నది ఇప్పుడు, ఉరికురికి కొత్త బేరింగులను తినేస్తది, నేను గీకిన పైపు, నేను కూసోపెట్టిన రింగు, మీదికి చేరేదాక మిగులుతయా, పందెం గెలిచి గాడీని చంపుకొనుడా, గాడీని కాపాడి పందెం ఓడుడా, ఇంత ఆలోచన ఎంతసేపు పట్టింది, ఏమో, నా కాలు అప్పటికే బ్రేకు మీద ఉన్నది, ఓరకు తీసి ఆపిన.

ఆగింది సుమిత్రా, అన్నడు బావ. ఆగింది కాదు బావా, ఆపిన అన్న, చేతిబ్రేకు గుంజి దిగి ఎనుక చక్రానికి రాయి పెట్టి బానెట్ లేపిన, వేడి మొఖానికి కొట్టింది, ఉత్తగ తిరిగేటప్పుడు ఏ చప్పుడు లేదు, గాలి పోయే చప్పుడు తొక్కితేనే వస్తది, తొక్కితేనే తెలుస్తది ఏడ పోతున్నదో, నేను ఈడ చెయ్యి పెట్టి ఆడ కాలు ఎట్ల పెట్టుదును, బావకు గాడీ తెల్వదు, సైకిల్ తప్ప ఏనాడు ఏం నడపలే, ఇగ ఒక్కడే ఉన్నడు, పోయి ఈయన దిక్కు తలుపు తీసిన, దిగు, అటు పోయి స్టీరింగు కాడ కూసోని నేను చెప్పినప్పుడు తొక్కు అన్న, నేనా అన్నడు, నాకు కనబడదు గద అన్నడు, తొక్కేతందుకు కండ్లెందుకు, కాలు కావాలె, ఉన్నది గద కాలు, ఇందాకటిసంది చాపను తొక్కుతనే ఉన్నవు అన్న, కోపంగనే అన్న, ఆయన మొఖం ఎర్రబడ్డది, దొంగతనం పట్టుకున్నట్టు, దిగిండు, బావ చెయ్యి పట్టబోతే వద్దన్నడు, గాడీ ఒంటి మీదనే చెయ్యి ఏసి, లైటు, బంపరు, అవతలి లైటు, తడుముకుంట చుట్టు తిరిగి పోయి కూసున్నడు, సీటు తన కొలతకు ఎనుకకు జరుపుకున్నడు, న్యూట్రల్ ఉన్నదా లేదా గేరు కర్ర ఊపి చూసుకున్నడు, తొక్కు అన్న, తొక్కిండు, ఇంకా అన్న, ఇంజన్ మోత లేచింది, టర్బోకెల్లి పోయే రబ్బరు పైపు అతుకు కాడ నా మణికట్టుకు గాలి కొట్టింది, జోరుగ, దొరికింది, పైపును బిగిచ్చిన పట్టీ జారింది, అంతే, పైపు లోపల పాత నూనె జిడ్డు పోక పట్టు దొరకలే, గాలి జోరుకు ఊడొచ్చింది, చాలు, బంద్ చెయ్యి అన్న, ఆయన చెయ్యలే, కొంచెంసేపు తిరగనియ్యి, వేడి మీద బంద్ చెయ్యొద్దు గద అన్నడు, నేను బానెట్ పక్కకెల్లి తొంగి చూసిన, నేను ఏనాడు చెప్పలే ఆ మాట, రాజారాం దగ్గరికి పోయి అడిగిండు అన్నట్టు, ఎప్పుడు పోయిండో, ఎవరు తీసుకపోయిన్రో, నాకెందుకు అన్న మనిషి.

ఇంజన్ బంద్ అయినంక పైపు ఊడదీసి, పైట కొంగుతోని లోపల బయట జిడ్డు తుడిచిన, మంచి చీర, పోతే పోనీ, పైపును గట్టిగ లోపలికి ఎక్కిచ్చి స్క్రూడ్రైవర్‌తోని పట్టీ బిగిచ్చిన, ఏళ్లకు చురుక్కుమంటున్నది, బిగిచ్చిన, ఇంకా తిరగనంత బిగిచ్చిన, మళ్ల లేపు, తొక్కు అన్న, తొక్కిండు, చెయ్యి పెట్టి చూసిన, గాలి లేదు, పొగ లేదు, ఈల లేచింది, ఆయన కాలు తీయలే, తల కొంచెం ఒంచి ఇన్నడు, ఇప్పుడు పట్టింది సుమిత్రా, అన్నడు. రెండు చేతులతోని స్టీరింగు పట్టుకొని ఉన్నడు, ఎన్నేండ్లకు, లేచి పక్కకు పోతలేడు, నేను తొందర పెట్టలే, మోటర్లు పోతున్నయి, తుల్జాపూర్‌కు నడిచిపోయే ఆడోళ్లు ఇద్దరు ఆగి చూసి పోయిన్రు, బావ రోడ్డు ఓరన నిలబడి లోయదిక్కు చూస్తున్నడు, తర్వాత నాదిక్కు తిరిగిండు, మాట మాటే గద సుమిత్రా, ఆగకుంట అన్నవు నువ్వే, అందరి ముందట, అన్నడు, చెయ్యి చాపలే, కానీ చాపినట్టే ఉన్నది ఆ మాట, నేను నా చేతులు చూసుకున్న, నల్లటి మసి, కాలిన ఏలు, నెల కింద ఈ మాటకు నా తాన జవాబు లేకుండె, ఇప్పుడు నోటికి అదే వచ్చింది, నీ సాంచాలు, కరెంటు మగ్గాలు, దినాం ఎన్నిసార్లు ఆగుతయి బావా, పోగు తెగితె ఆపుతరు, అతుకుతరు, మళ్ల నడుపుతరు, ఆగినప్పుడల్లా కార్ఖానా చావీ ఎవరికన్న ఇస్తున్నవా, అన్న. నేను ఆడికి ఆగలే, మాట అన్నది నిజం, తప్పుతున్నది నిజం, అది అనకూడని మాట, అందుకే తప్పుతున్న, పదిమంది ముందట అన్న గద, పదిమంది ముందటనే తప్పిన అని చెప్త, కావాలంటే నువ్వు కూడ చెప్పు, చావీ ఇయ్యను, బావ తమ్ముని దిక్కు చూసిండు, తమ్ముడు ఏమన్న అంటడేమో అని, తమ్ముడు స్టీరింగు మీద చేతులు పెట్టుకొని, అన్నా, ఎక్కు, ఎండ అయితున్నది, అన్నడు, అంతే, బావ పెద్దోడు గద, పెద్దోడు దిగిరావాలంటే జర టైం పడుతది, రాయి తీసి పక్కకు ఏసిండు, ఆయనే తీసిండు, చేతులు దులుపుకొని ఎనుక సీట్ల కూసున్నడు.

ఈయన లేచి తడుముకుంట తన సీటుకు వచ్చిండు, నేను కూసున్న, సీటు ముందటికి జరుపుకున్న, గేరేసిన, గాడీ కదిలింది, ఎత్తు మీద ఆగిన తావుకెల్లి, ఏడ్వకుంట, నాలుగో మలుపు తిరిగింది, పక్కన ఈయన కాలు చాపను తొక్కుతనే ఉన్నది, ఇప్పుడు దాచుకుంటలేడు, నేను గేరు ఆలస్యంగ మారిస్తే నాలుక చప్పరిచ్చిండు కూడ, తిట్టు, తిట్టు, ఎన్ని దినాలైంది, మీద గాలి చల్లగ తగులుతున్నది, ఇప్పుడు నాకు సంబురం కావాలె, గెలిచినట్టు ఉండాలె, కానీ ఇది గెలుచుడు కాదు, ఇంకేదో, నేను ఇంటికాడికెల్లి ఒక లెక్కతోని బయలెల్లిన, ఈ ఘాట్ ఎక్కి చూపెట్టాలె, రింగులు పోలేదని చూపెట్టాలె, ఆడది నడిపే గాడీ ఆగదని చూపెట్టాలె, అప్పుడు ఇది నాది అయితది అని, ఎంత పిచ్చిదాన్ని, నా తాన ఉన్న దాన్నే తీసుకపోయి ఇంకొకరి చేతుల పెట్టి, మళ్ల వాళ్ల చేతులకెల్లి గెలుచుకుందామని బయలెల్లిన, బావ అడగలే ఆ పరీక్ష, ఎవ్వరు అడగలే, నేనే రాసుకున్న, నేనే కూసున్న, మరి ఎక్కకపోయి ఉంటే, ఇంజనే పలిగి ఈ మలుపుల ఆగిపోయి ఉంటే, అప్పుడు ఇచ్చేసేదాన్నా చావీ, ఇయ్యకపోదును, లారీకి కట్టి కుంఠా నాకాకు గుంజుకపోయి మళ్ల ఇప్పుదును, మళ్ల పోతే మళ్ల ఇప్పుదును, ఎక్కినా నాదే, ఆగినా నాదే, నాది అని చూపెట్టే పని నాకు ఏనాడు లేకుండె.